నల్లమెడ కుందేలు

మా తమ్ముడు వీపనగండ్ల దగ్గర చేలో షెడ్డు వేసి కుందేళ్లు పెంచుతాడు. అడవి కుందేళ్లను పట్టి అమ్ముతున్నాడని ఎవరో ఫిర్యాదు చేశారు. రుజువైతే జైలే. ఫారెస్టు ఆఫీసరు జీపులో దిగిన ఆదివారం నేను అక్కడే ఉన్నాను.

తమ్ముడి మొహం పాలిపోయింది. ఆఫీసరు మాత్రం నన్ను చూసి చేతులు జోడించాడు. "మీరు నాగర్‌కర్నూల్ల మా బిడ్డకు జువాలజీ చెప్పే మేడం గద? నేను ఈ పనికి కొత్త. ఈడున్నయి ఏ జాతియో శాస్త్రం పేరు రాసి సంతకం పెట్టియ్యుండ్రి. మీ మాట మీద పోత."

ఇంతేనా అనుకున్నాను. పెంపుడు కుందేలు ఒరిక్టోలేగస్ క్యునిక్యులస్. మన చేలల్లో తిరిగేది లీపస్ నైగ్రికాలిస్, దాన్ని పట్టడం నేరం. ఊళ్లో రెండింటినీ చెవులపిల్లి అనే పిలుస్తారు గానీ, అవి వేరు వేరు జంతువులు. నైగ్రికాలిస్ అంటే నల్లమెడ అని క్లాసులో చెప్పీ చెప్పీ పిల్లల్ని విసిగించినదాన్ని.

కాగితం పట్టుకుని బోన్ల వెంట నడిచాను. తెల్లవి, మచ్చలవి, గోధుమరంగువి. చివరి బోనులో ఒక్కటే ఉంది. అదీ గోధుమరంగే, కానీ వెనక కాళ్లు మరీ పొడుగు. నన్ను చూసి మూలకు దూకి తల వంచింది. చెవుల వెనక నుంచి మెడంతా నలుపు.

మరదలు దగ్గరికొచ్చి గొణిగింది. "పల్లీలు పీకంగ పిల్ల దొరికింది వదినె. పాలు పోసి సాకినం."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. అటు చూస్తే తమ్ముడు గుడ్లప్పగించి నా పెన్ను వైపే చూస్తున్నాడు. వాణ్ని జీపెక్కించే పేరు నా చేత్తో ఎలా రాయను? అన్నీ ఒరిక్టోలేగస్ క్యునిక్యులస్ అని రాసేశాను. ఒక్క అక్షరం తప్పు పోలేదు. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆఫీసరు చివరి బోను దాకా వెళ్తాడేమోనని ఊపిరి బిగబట్టాను. వెళ్లలేదు. "మీరు రాసినంక ఇగ సూసేదేముంది మేడం" అన్నాడు. అదే మాట ఇంకో కాగితం మీద కూడా నాతో రాయించి, మళ్లీ ఎవరైనా అడిగితే చూపించమని తమ్ముడికిచ్చాడు. వెళ్తూ నాకు దండం పెట్టాడు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

జీపు రోడ్డెక్కగానే తమ్ముడి మీద విరుచుకుపడ్డాను. "దాన్ని ఇప్పుడే చేన్ల ఇడిసిపెట్టు!"

వాడు కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు. వాడి మొహంలో భయమన్నదే లేదు.

"ఎందుకక్కా? గియన్నీ పెంపుడువే అని నువ్వే రాసిస్తివి గద. ఇగ ఎవరొచ్చినా గీ కాగితం సూపెడ్త. చేన్ల ఇంకెన్ని దొరికినా నాకే తెమ్మని ఊర్ల చెప్త."