చైన్‌కు పెట్టిన పసుపు

దసరా నాడు మా వాడంతా బైకులకూ కార్లకూ పూజ చేస్తే, మా ఇంట్లో ఆ పూజ నా సైకిలుకే. మట్టెవాడ నుంచి హన్మకొండలో నేను పనిచేసే బట్టల దుకాణానికి రోజూ దాని మీదే వెళ్తాను. ఆ ఏడు మా అత్తమ్మ మంచినూనెలో కలిపిన పసుపును చైన్‌కు కూడా మందంగా పట్టించింది.

"పొద్దుందాక కష్టపడేది గదే గదా బిడ్డా!" అన్నది.

పండుగ సెలవులు అయ్యేసరికి పసుపు ఎండి లింకులు బిగుసుకుపోయాయి. మొదటిరోజే, చౌరస్తా మధ్యలో చైన్ ఊడింది. ఏమైందా అని తొక్కుతూనే వంగితే, చున్నీ జారి చైన్‌చక్రంలో ఇరుక్కుంది. మెడ హ్యాండిల్ దాకా గుంజుకుపోయింది. వెనక బస్సు హారన్ మోగిస్తోంది.

పండ్ల బండి అన్న కత్తితో ఉరికొచ్చాడు. "జర ఆగక్కా, చున్నీ కోస్తా!"

"వద్దన్నా! కోస్తే ముక్క లోపల్నే ఉంటది, సైకిల్ కదలదు. నువ్వు హ్యాండిల్ పట్టుకో, చాలు."

చేత్తో పెడల్‌ను వెనక్కి తిప్పాను. చున్నీ కొంచెం కొంచెంగా బయటికొచ్చింది. అక్కడే చైన్ ఎక్కించుకుని, ఆ చేత్తోనే చెమట తుడుచుకుంటూ దుకాణం చేరితే, నా ముఖమంతా పసుపు చూసి "పెండ్లిపిల్ల వచ్చింది" అని ఒకటే నవ్వులు.

ఆ సాయంత్రమే డీజిల్‌తో, పాత బ్రష్షుతో లింకులన్నీ తోమాను. అప్పటినుంచి ఏ ఆదివారమూ ఆ పని మానలేదు.

మరుసటి దసరాకు అత్తమ్మ పసుపు గిన్నెతో వస్తే, సైకిల్ నూనె డబ్బా చేతికిచ్చాను. "దీనికి బొట్టు ఇదే అత్తమ్మా. లింకుకు ఒక్క చుక్క."

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని కూర్చుంది. ఒక్క లింకును కూడా వదల్లేదు.