నా నూట నలభై నాలుగు హెర్ట్జ్ కండ్లు

తెలిసింది గింతంత ఉండి, చెప్పేది గంపెడు ఉండే వయసొకటి ఉంటది. నాకు గా వయసు ఇరవై రెండేండ్లప్పుడు వచ్చింది. కరీంనగర్‌ల ఒక కంప్యూటర్ల దుకాణంల పనికి కుదిరినంక ఇంకింత ముదిరింది. గప్పుడు నేను చొప్పదండి నుంచి రోజు పొద్దుగాల బస్సెక్కి వచ్చేటోన్ని. పక్కన కూసున్న మనిషి చేతుల ఫోను కనపడితే చాలు, దాని తెర గురించి నాలుగు ముక్కలు చెప్పందే దిగకపోయేటోన్ని. (ఆ బస్సు కండక్టరు నన్ను చూడంగనే తన ఫోను జేబుల పెట్టుకునేటోడు. అది మర్యాద అనుకున్న.)

మా సేఠ్ మంచి మనిషి. తెలుగు సగం, ఉర్దూ సగం కలిపి మాట్లాడేటోడు. దుకాణంల అప్పటిదాక ప్రింటర్లు, సీసీ కెమెరాలే పోయేటియి. గేములు ఆడేటోళ్ల గిరాకి మీద మనసుపడి కొత్తగ నాలుగైదు గేమింగ్ మానిటర్లు తెప్పిచ్చిండు. అండ్ల ఒకటి ముప్ఫై రెండంగలాల ఫోర్-కే, అంటే మామూలు తెరకు నాలుగింతల చుక్కలు ఉండేది. దాన్ని పెండ్లిపిల్ల లెక్క అద్దాల ముంగట కూసోబెట్టినం గని, చూసి మెచ్చుకొని పోయేటోళ్లే తప్ప అడిగేటోళ్లు లేరు. నేను గప్పటిదాక వెనుక గోదాంల వైర్లు చుట్టుకుంట ఉంటి. ఒకనాడు సేఠ్ పిలిచి, "దేఖో బేటా, గీ మానిటర్ల గురించి అందరికంటె నువ్వే ఎక్కువ మాట్లాడుతున్నవు. గీ నెల కౌంటర్ మీద నిలబడు. ఆ పెద్దది అమ్మినవనుకో, కౌంటర్ నీదే. లేకుంటే మళ్ల గోదాం, మళ్ల వైర్లు" అన్నడు. అద్దాల ముంగట ఇస్త్రీ అంగీ ఏసుకొని నిలబడుడంటే గా రోజులల్ల నాకు కలెక్టరు నౌకరి కిందనే లెక్క.

నాకు అంత ధీమా ఎందుకంటే, మొదటి జీతాలు కూడబెట్టి ఇంట్ల నేను గూడ ఒక నూట నలభై నాలుగు హెర్ట్జ్ మానిటర్ కొనుక్కొని ఉంటి. హెర్ట్జ్ అంటే ఏం లేదు, తెర ఒక్క సెకనుల ఎన్నిసార్లు బొమ్మ మారుస్తదో గా లెక్క. మామూలు తెర అరవై సార్లు మారుస్తది. నాది నూట నలభై నాలుగు సార్లు. పెట్టె ఇప్పి, వైరు పెట్టి, స్విచ్ ఏసిన మొదటి రోజే నా జన్మ ధన్యమైంది. పొలం నుంచి వచ్చిన బాపును కాళ్లు గూడ కడుక్కోనియ్యకుంట తీస్కపోయి తెర ముంగట నిలబెట్టిన. "బాపు, గీ మౌసు బాణం చూడు, నెయ్యి మీద జారినట్టు ఎట్ల జారుతుందో" అన్న. బాపు కొద్దిసేపు చూసి, "జారుతది తీయి. మోటరు స్టార్టర్ కొట్టుకుంటుంది, జర వచ్చి చూస్తవా?" అన్నడు. అవ్వ మాత్రం, "కండ్లకు మంచిదేనా గది?" అని ఒక్కటే అడిగింది. ఇద్దరికి చూసే కన్ను లేదు అనుకున్న. తర్వాత ఎనిమిది నెలలు నేను అరవై హెర్ట్జ్ తెర ఎక్కడ కనపడ్డా మొకం పక్కకు తిప్పుకునుడే.

కౌంటర్ ఎక్కినంక రెండో వారం, మధ్యాహ్నం గిరాకి లేని యాళ్లకు ఒక టీచరమ్మ వచ్చింది. యాభైకి దగ్గర వయసు. భుజానికి బట్ట సంచి, చేతుల లెక్కల నోట్‌బుక్కు. ఉట్నూర్ దిక్కు ఆశ్రమ పాఠశాలల లెక్కలు చెప్తదట. వేములవాడల దర్శనం చేసుకొని, వచ్చుకుంట మా దుకాణం మెట్లెక్కింది.

"గేమింగ్ మానిటర్ కావాలె తమ్మీ" అన్నది.

"బాబు ఏం చదువుతుండు టీచర్?" అన్న నేను, గిరాకితోని కలుపుగోలుగ ఉండాలెనని.

"ఏ బాబు?"

"అదే... ఆడే బాబు."

"ఆడేది నేనే" అన్నది టీచరమ్మ. "ఆదివారం ఆదివారం కార్ల రేసులు ఆడుత. ఏం, ఆడద్దా?"

సేఠ్ తన కుర్చీల నుంచి దగ్గిండు. నేను సర్దుకొని, "అయ్యో, ఎందుకు ఆడద్దు టీచర్" అనుకుంట మానిటర్ల దిక్కు తీస్కపోయిన. ఆమె నోట్‌బుక్కు ఇప్పింది. తన దగ్గర ఉన్నది నడిమిరకం గ్రాఫిక్స్ కార్డట. ఏ గేముల ఎన్ని బొమ్మలు గీస్తదో గళ్లు కొట్టి రాసుకున్నది. బొమ్మలు గీసేది కార్డు, చూపిచ్చేది తెర. ఈ రెంటికి పొత్తు కుదరాలెనని ఆమె రెండు నెలల నుంచి చదువుతుంది. నేను గా నోట్‌బుక్కు దిక్కు సరిగ్గ చూడలే. సీదా పెద్దదాని ముంగట నిలబెట్టి, "గిది తీస్కోండి టీచర్. రేసుల కూసుంటే అడివంత మీ ఇంట్లకే వస్తది" అన్న.

"అడివి మా ఇంటి ఎనుకనే ఉన్నది గని, నా కార్డు దీన్ని మోస్తదా? గింత తెరను నింపాలెనంటే అది సెకనుకు నలభై బొమ్మలు గీసుడే గగనం. వంట చేసేటామె ఒక్కతైతే, విస్తర్లు రెండు వందలు పరిస్తే బంతి లేస్తదా తమ్మీ?"

సేఠ్ నవ్విండు. నాకు రోషం వచ్చింది. సరే, ముందు హెర్ట్జ్ మహిమ చూపిస్తే తర్వాత సంగతి తర్వాత అనుకొని, కౌంటర్ మీద ఉన్న రెండు మానిటర్ల దగ్గరికి తీస్కవచ్చిన. ఒకటి మామూలు అరవైది. రెండోది ఇరవై ఏడంగలాల నూట నలభై నాలుగుది, పొద్దుగాలనే పెట్టె ఇప్పి పెట్టిన. మొదటి దాని మీద మౌసు తిప్పి, "చూడుండ్రి, ఎట్ల తట్టుకుంట పోతుందో" అన్న. రెండో దాని మీద తిప్పి, "గిప్పుడు చూడుండ్రి, పారే నీళ్ల లెక్క లేదూ?" అన్న. 

టీచరమ్మ అద్దాలు తుడుచుకొని చూసింది. వంగి చూసింది. "నాకైతే రెండు ఒక్కతీరుగనే కొడుతున్నయి" అన్నది.

"మీ కన్నుకు అలవాటు లేదు టీచర్. నేను ఎనిమిది నెలల నుంచి ఇంట్ల నూట నలభై నాలుగే చూస్తున్న. గిప్పుడు అరవై చూస్తే నాకు తలకాయ నొస్తది." (దేవుని మీద ఒట్టు, నిజంగనే నొచ్చేది.)

"అట్లనా? మౌసు జర నాకియ్యి" అని తీసుకొని సెట్టింగులల్లకు పోయింది. ఇంకింత లోపలికి పోయింది. నేను జన్మల చూడని ఒక కిటికీ తెరిచింది. అండ్ల అరవై అని రాసి ఉన్నది. 

"తమ్మీ, గిది గూడ అరవై మీదనే నడుస్తుంది గద. వైరు పెట్టంగనే కాదు, ఈడికి వచ్చి మనం మార్చాలె" అన్నది నిమ్మలంగ, తరగతిల చెప్పినట్టే. అని, నూట నలభై నాలుగు మీద నొక్కి బాణాన్ని ఒకసారి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పింది.

నేను చూసిన. నెయ్యి లేదు, నీళ్లు లేవు, అది వేరే ఏదో. ఎక్కడ తెగకుంట, చేతితోని పట్టుకొని నడిపిచ్చినట్టు పోయింది. చాన సుందరంగ ఉండె. అంత సుందరమైంది నేను మా ఇంట్ల ఎన్నడు చూడలే. ఆ ముక్క మనసుల మెదలంగనే నా చెవులు ఎర్రగైనయి. చొప్పదండిల నా మేజా మీద ఎనిమిది నెలల నుంచి ఏం నడుస్తుందో తెలిసిపోయింది.

"గిప్పుడు చెప్పు, నా కార్డుకు ఏది మంచిది?" అని అడిగింది టీచరమ్మ. ఎనుక నుంచి సేఠ్ కండ్లతోని పెద్దదాని దిక్కు సైగ చేస్తనే ఉన్నడు. ఇంకో రోజైతే ఏం చెప్పేటోన్నో ఏమో. ఆ నిమిషంల నాకు అబద్ధం చెప్పే బలం లేకుండె. గా నోట్‌బుక్కు తీసుకొని మొదటిసారి సరిగ్గ చదివిన. "గీ ఇరవై ఏడుదే టీచర్. దీని మీద మీ కార్డు తొంభై, వంద బొమ్మలు గీస్తది. ఎన్ని గీస్తే గన్నే చూపిచ్చుకుంట తెర దానితోని అడుగు కలుపుతది. ఆ పక్కన ఉన్న రెండు వందల నలభై హెర్ట్జ్‌ది మీకు దండుగ. పెద్దది అసలే వద్దు" అన్న. సేఠ్ పేపరు మొకానికి అడ్డం పెట్టుకున్నడు.

పెట్టె మోసుకుంట బస్టాండు దాక నేనే పోయిన. బస్సుల కిటికీ పక్క సీటు మీద పెట్టెను కూసోబెట్టి, దాని పక్కన ఆమె కూసున్నది. బస్సు కదిలే ముంగట, "ఇంట్ల నీది గూడ అరవయ్యేనా తమ్మీ?" అన్నది.

"ఎట్ల తెలిసింది టీచర్?"

"రోజు నలభై మంది పిల్లల మొకాలు చూస్త. ఇంటిపని చెయ్యకుంట చేసిన అనేటోళ్ల మొకం నాకు తెలువదా?" అని నవ్వి, "ఫికర్ చెయ్యకు, పోయి మార్చుకో" అన్నది.

సాయంత్రం ఇంటికి పోయి చెప్పులు ఇడువకుంటనే మార్చిన. మార్చి, అలవాటు కొద్ది బాపును పిలిచిన. "గిప్పుడు చూడు బాపు." బాపు తువ్వాలతోని మొకం తుడుచుకుంట చూసి, "గప్పుడు గూడ గిట్లనే జారింది గద" అన్నడు. నేను తల ఊపిన.

తెల్లారి సేఠ్ పిలువకముందే గోదాంలకు పోయి వైర్లు చుట్టుకుంట కూసున్న. సేఠ్ వచ్చి, "ఏం పరేషాన్ బేటా?" అన్నడు. ఉన్నదున్నట్టు చెప్పిన, ఇంట్ల మానిటరు సంగతితోని సహా. సేఠ్ మొదలు గట్టిగ నవ్విండు. తర్వాత గోదాం తలుపు దగ్గరికేసి, గొంతు తగ్గిచ్చి, "నిన్న ఆ టీచర్ మార్చినంక గూడ నాకేం తేడా కనపడలే. ఎవ్వలకు చెప్పకు. దుకాణందారును, ఇజ్జత్ పోతది" అన్నడు. "పో, కౌంటర్ మీద నిలబడు. పెద్దది అమ్మకున్నా, నువ్వు చెప్పింది విన్న గిరాకి మళ్ల వస్తది." ఆ దినం నుంచి నా పేరు సాఠ్. అంటే అరవై. పెద్ద మానిటర్‌ను చివరికి సేఠే గోడకు బిగిచ్చుకొని సీసీ కెమెరాలు చూసుకున్నడు. మెట్ల మీద పండుకునే పిల్లి మీసాలు గూడ లెక్కపెట్టేటట్టు కనపడేటియి.

ఇదంత అయి ఏండ్లు గడిచినయి. గిప్పుడు నాకు సొంత దుకాణం ఉన్నది, కండ్లకు అద్దాలు ఉన్నయి. ఎవలకు ఏ తెర అమ్మినా మొదలు ఆ సెట్టింగుల కిటికీ తెరిచి చూపిచ్చి ఇస్త. హెర్ట్జ్‌లు ఇంకింత పెరిగినయి, కార్డులు మారినయి, నేను గూడ తక్కువ మాట్లాడుడు నేర్చుకున్న. గని ఎప్పుడన్న గిరాకి లేని మధ్యాహ్నం గా ఇరవై రెండేండ్ల పోరడు యాదికొస్తడు. అరవై బొమ్మలు చూసుకుంట నూట నలభై నాలుగు చూసినంత సంబురపడ్డ ఎనిమిది నెలలు. ఆ సంబురం మాత్రం అబద్ధం కాదు. గిప్పుడు ఎంత మంచి తెర తెచ్చి ముంగట పెట్టినా, ఉన్నదే కనపడుతది.