ఎత్తు పళ్లు, విత్తనపు కాయలు

"పెదాలకు ఆముదం పూసుకుంటివా?" అని అడిగింది మా మేనత్త.

"పూసుకుంటిలే అత్తా. నువ్వు పండుకో."

"నోరు తెరిచి చెప్పు. ఇనపడలేదు."

"పూసుకుంటినని చెప్తి కదా!" అని అరిచాను.

"ఆ, అట్ల చెప్పు," అంది.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. మరునాటికి ఆమె లేదు. అప్పటికి నాకు పెళ్లై, ఒక బిడ్డ కూడా. అయినా ఆమె కంటికి నేను పెదాలు పగిలిన చిన్న పిల్లనే. ఈ మాట కూడా రాసుకో తల్లీ అన్నాను; నేను చెప్తుంటే రాస్తున్నది మా తమ్ముడి కూతురు.

నా పై పళ్లు చిన్నప్పటి నుంచీ ముందుకు తోసుకొని ఉండేవి. పెదవులు కలిసేవి కావు. మా పక్క గాలి సంగతి తెలిసిందే, ఆషాఢంలో దుమ్మెత్తి కొడుతుంది. నోరెండిపోయేది. సంగటి అయితే మింగేదాన్ని. జొన్నరొట్టె కొరకడం నా వల్ల కాదు, తుంచి దవడ పళ్లకు పెట్టుకునేదాన్ని. అదంతా ఓర్చుకున్నాను. బడిలోనే ఓర్చుకోలేకపోయాను. అయ్యవారు ప, బ, మ పలకమంటే పెదవులు తగలక గాలి పోయేది. "దీని పండ్లు పారలప్పా, కలుపు దోకొచ్చు!" అని పిల్లలు నవ్వేవాళ్లు. బడి మానేసి మేకల వెంట పోయాను. ఆ తర్వాత నలుగురిలో ఉంటే ఎడమ చెయ్యి నోటి మీదే.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. వానలకు ముందు విత్తనపు వేరుశెనక్కాయలు ఒలిచేందుకు అత్త నన్ను ఊరి ఆసామి ఇంటి వసారాకు తీసుకుపోయింది. ఆడవాళ్లు, పిల్లలు కుప్ప చుట్టూ కూర్చుని చేత్తోనే ఒలవాలి, గింజ పొట్టు చిట్లకూడదు. ఒలిచినంత సేపూ అందరూ పాడాలి. పాడే నోట్లో గింజ నిలవదని ఆసామి భార్య పెట్టిన పద్ధతి. కరువు ఏడాదిలో విత్తనం తింటే చేను తిన్నట్టే కదా.

నేను ఎడమ చేత్తో నోరు కప్పుకొని, ఒంటిచేత్తో కాయను నేలకు అదుముతూ, పాడకుండా కూర్చున్నాను. ఆసామి భార్య చూడనే చూసింది.

"ఏమే, చెయ్యి తియ్. నోట్లో ఏముండాది?"

తల అడ్డంగా ఊపాను.

"ఇత్తనం తినేవాళ్లు నాకు పనికిరారు. రేపట్నుంచి రావాకు."

ఆ ఏడు మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఒలుపు కూలితోనే. పైగా గింజలదొంగ అని పేరు పడితే ఊళ్లో ఇంకెవ్వరూ పిలవరు.

అత్త చేతులు ఆగలేదు. "దాని నోట్లో పండ్లు తప్ప ఏం లేవమ్మా. పాట ఎత్తుతాది, ఇను," అని నా వైపు తిరిగి, "పాడు," అంది.

"నాకు రాదత్తా."

"మేకల కాడ దినామూ పాడేది ఎవరే మల్ల? మేకలా?"

చెయ్యి తీశాను. వాన పాట ఒకటి ఎత్తుకున్నాను. సగం మాటలు గాలికే పోయాయి. ఎదురుగా ఉన్న ఒకామె పకపకా నవ్వింది.

"నగు వదినా, బాగా నగు," అంది అత్త. "ఎవరి నోట్లో ఏముండాదో అమ్మకు కనపడాల."

అందరూ చూశారు. నవ్వుతున్న ఆమె నాలుక మీద నమిలిన గింజలు, తెల్లగా! ఆసామి భార్య కోపంగా చూసి, ఉండబట్టలేక తనే నవ్వేసింది. "మింగేసి పాడు. ఇంకోసారి చూసినానంటే బయటికే," అంది ఆమెతో. నాతో, "రేపు నా ఎదురుగ్గా కూసో. పాట నువ్వే ఎత్తాల," అంది.

మరునాటి నుంచి నా రెండు చేతులూ పనిలోకి వచ్చాయి. తర్వాత పెళ్లిళ్లలో కూడా నన్నే పాడమనేవాళ్లు. పెళ్లిచూపులకు వచ్చిన మా ఆయనది బతికున్నన్నాళ్లూ ఒకటే మాట: "పండ్లు చూసినా, పాటా ఇన్యా, రెండూ ఒప్పుకున్యా."

ఇప్పుడు పిల్లల పళ్లకు తీగ కట్టి సర్దుతారట. కట్టించండి. బడిలో పిల్ల నోరు తెరవాలి. నా కాలంలో అది లేదు. మా అత్త ఉండింది, పని పోకుండా చూసింది, నా చేతినే నా నోటి మీద నుంచి తీయించింది. ఆ ఋణం తీరేది కాదు.

తల్లీ, అత్త మాటలు నువ్వు మెత్తబరిచి రాసినావేమో అని నాకు అనుమానం. ఏదీ, ఒకసారి గట్టిగా చదువమ్మా, నేను ఇంటాను.