నోట్లో అద్దం పెట్టి అడిగే డాక్టరు

ఆ వీధివాళ్ళకు పళ్ళ డాక్టరంటే భయం లేదు, ఆయన కబుర్లంటేనే భయం. చెయ్యి మంచిదే. పన్ను ఊడి పళ్ళెంలో పడేదాకా పీకినట్టే తెలియదు. కాకపోతే ఆయనకో అలవాటుంది. మనిషిని కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో అద్దం పెట్టి, చెంపలోపల దూది కుక్కి, అప్పుడు తీరిగ్గా అడుగుతాడు, "ఇల్లు కట్టడం ఎందాకా వచ్చింది?" అని. పాపం ఆ మనిషి "ఆఁ" అంటాడు. "శ్లాబు పడిందన్నమాట, మంచిది," అని జవాబు కూడా తనే చెప్పేసుకుంటాడు. ఇలా అందరి వంతూ తనే మాట్లాడుతూ, ఊళ్ళో అందరి సంగతులూ తనకు తెలుసని నమ్ముకున్నాడా మహానుభావుడు.

ఆయన పక్కన నిలబడి సాయం చేసేది స్వయానా వాళ్ళక్క. తెల్లకోటు వేసుకున్న తమ్ముణ్ణి పేషెంట్ల ముందే "ఒరేయ్" అనగల మనిషి ఆవిడొక్కతే.

"ఒరేయ్, ఆ అడిగేదేదో దూది పెట్టకముందే అడగరాదూ," అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకునేది.

"టైము కలిసొస్తుంది కదక్కా," అనేవాడు.

ఇంటి కబుర్లయితే పోనీలే అనుకోవచ్చు. జబ్బుల సంగతీ అలాగే అడిగేవాడు. షుగరుందా, బీపీ ఉందా, ఫిట్స్ వస్తాయా, అన్నీ ఎదుటివాళ్ళ నోరు నిండాకే.

ఒకరోజు పొద్దున బట్టలు కుట్టే అమ్మాయి ఒకతె చెంప పట్టుకుని వచ్చింది. వెంట అత్తగారు, అత్తగారి చేతిలో పెద్ద సంచీ. ఆ అమ్మాయికి చిన్నప్పటినుంచీ ఫిట్స్ ఉన్నాయి. ఆ ముక్క చెప్పినందుకే అప్పటికి ఇద్దరు డాక్టర్లు ఆమె పన్ను ముట్టుకోకుండా "తర్వాత రండి" అని మర్యాదగా సాగనంపారు. ఆ "తర్వాత" ఎప్పటికీ రాలేదు. నొప్పికి తిండి లేదు, నిద్ర లేదు. ఖాళీ కడుపున ఫిట్స్ మాత్ర వేసుకుంటే వాంతి. ఈయన కూడా పొమ్మంటే ఇంకెక్కడికి పోవాలో ఆమెకు తోచలేదు. అబద్ధమాడే మనిషి కాదు గనుక, అడిగితే మాత్రం చెప్పేద్దామనుకుంది.

డాక్టరు అడిగాడు. ఎప్పుడు అడిగాడని వేరే చెప్పాలా?

"ఫిట్స్ లాంటివేమీ లేవు కదమ్మా?"

"ఆఁ... ఆఁ," అందామె కళ్ళు పెద్దవి చేసి.

"లేవు. మంచిది," అన్నాడు డాక్టరు.

ఆమె ఇంకోసారి ఏదో అనబోయి, ఇదీ ఒకందుకు మేలేనేమో అనుకుని ఊరుకుంది.

తిమ్మిరి మందు పనిచేశాక డాక్టరు పని మొదలుపెట్టాడు. విరిగిన పన్ను లోపల శుభ్రం చేస్తూ, కబుర్లలో కరెంటు కోతల దగ్గరికి వచ్చాడు. "ఏమంటారు?" అన్నాడు. "ఆఁ" రాలేదు. ఆయన జీవితంలో "ఆఁ" రాకపోవడం అదే మొదటిసారి. ముఖంలోకి చూశాడు. ఆమె కళ్ళు పైకప్పు మీద ఒకేచోట నిలిచిపోయాయి. కుర్చీ చెయ్యి మీద వేళ్ళు కొంకర్లు పోతున్నాయి.

నిజం చెప్పుకోవాలి, డాక్టరు చేతులు తడబడలేదు. మిషను, అద్దం, దూది అన్నీ చకచకా బయటికి తీసేశాడు. కుర్చీని పూర్తిగా వెనక్కి వాల్చి కిందికి దించాడు. "అక్కా, ఆ పళ్ళెం, దీపం పక్కకి లాగు. గడియారం చూస్తూండు. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి," అన్నాడు. అప్పటికే అమ్మాయి ఒళ్ళంతా బిగుసుకుపోయి ఎగిరెగిరి పడుతోంది. ఆమెను కదలకుండా అదిమిపట్టడానికి అక్క ముందుకొస్తే వద్దన్నాడు. కిందపడకుండా కాచుకుంటూ పక్కకి తిప్పాడు. నోట్లో ఊరిన నీళ్ళు చెంప పక్కనుంచి వాటంతటవే కారిపోయాయి.

ఇంతలో అత్తగారు సంచీలోంచి స్టీలు చెంచా తీసి పరుగెత్తుకొచ్చింది. "పళ్ళ మధ్య పెట్టాలి బాబూ, నాలుక కొరుక్కుంటుంది. ఎప్పుడూ నేనే పెడతాను."

"నోట్లో ఏదీ పెట్టకూడదమ్మా. ఆగండి. అదే తగ్గుతుంది."

అదే తగ్గింది. ఊపిరి కుదుటపడింది. అయిదు నిమిషాలు దాటలేదు గనుక అక్క చేతిలో ఫోను కింద పెట్టింది. డాక్టరు ఆ చెంచా వైపు చూశాడు, పైపన్ను విరిగిన తీరు గుర్తుచేసుకున్నాడు. పన్ను ఎవరి చలవవల్ల విరిగిందో అర్థమైంది. ముసలావిడకీ అర్థమైనట్టుంది, చెంచా కొంగుచాటున దాచేసుకుని కళ్ళు ఒత్తుకుంది. ఇంకో రోజైతే డాక్టరు ఆవిడకు గంటసేపు ఉపన్యాసం ఇచ్చేవాడే. ఇవాళ ఏ మొహం పెట్టుకుని ఇస్తాడు?

"ఊరుకోండమ్మా. మీరు చెంచా పెట్టారు, నేను అద్దం పెట్టాను. ఇద్దరం కలిసి ఆవిణ్ణి నోరెత్తనివ్వలేదు," అన్నాడు.

కాసేపటికి అమ్మాయి కళ్ళు తెరిచి, ఎక్కడున్నానన్నట్టు చుట్టూ చూసింది. "పళ్ళ డాక్టరు దగ్గరున్నావు తల్లీ, ఏం భయం లేదు," అంది అక్క. మెల్లిగా తేరుకున్నాక డాక్టరు పంటికి తాత్కాలికంగా మందు పెట్టి మూశాడు. "ఇవాళ్టికి చాలు. బాగా తిని, నిద్రపోయి, మాత్రలు వేసుకుని తర్వాత రండి," అన్నాడు.

తర్వాత రండి అనే మాట చెవిన పడేసరికి ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వాళ్ళూ ఇలాగే అన్నారండి," అంది.

డాక్టరు కుర్చీ లాక్కుని ఆమెకెదురుగా కూర్చున్నాడు. ఆమె ఫిట్స్‌కి మందులిచ్చే డాక్టరు నంబరు అడిగి, ఆమె ముందే ఫోన్ చేసి మాట్లాడాడు. గురువారం పొద్దున మొదటి పేషెంటు ఆమేనని, ఆమెకు వినపడేలా అక్కతో చెప్పాడు.

గురువారం ఆమె వచ్చింది. డాక్టరు చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆమె నోట్లో ఏమీ లేనప్పుడు అన్నీ అడిగాడు. ఆమె చెప్పినంతసేపూ విన్నాడు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచి, అక్క కళ్ళురిమితే మూసుకున్నాడు.

"ఏమాత్రం తేడాగా అనిపించినా చెయ్యెత్తండి, ఆపేస్తాను," అన్నాడు చివర్లో.

పని మొదలైంది. డాక్టరు మాట్లాడటం లేదు. గదిలో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఆమె చెయ్యి పైకి లేచింది.

డాక్టరుకు పైప్రాణాలు పైనే పోయాయి. ఉన్నవన్నీ ఒక్క క్షణంలో ఆమె నోట్లోంచి తీసేశాడు. "ఏమైందమ్మా? ఎలా ఉంది?"

"ఏమీ లేదండి," అంది. "చెయ్యెత్తితే నిజంగా ఆపుతారా అని చూశాను."

"ఆపాను కదమ్మా."

"ఆపారు," అని వెనక్కి వాలి, ఎవరూ అడక్కుండానే ఆమె నోరు పెద్దగా తెరిచింది.