అయ్యవారు విడిచిన వాక్యం

నా చిన్నప్పుడు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒకనాడు, తెల్లవారుజామున సరిగ్గా అయిదు గంటలకు పుంగనూరులో మా అయ్యవారు తన ఇంటి తలుపు గొళ్లెం తీశారు. అది రోజూ జరిగేదే. మేం నలుగురు పిల్లలం అప్పటికే స్నానాలు చేసి, తడి జుట్టుతో వాకిట్లో నిలబడి ఉండేవాళ్లం. కిరసనాయిలు దొరకడం కష్టం కాబట్టి ఆయన దీపం పెట్టేవారు కాదు. పుస్తకం ఎలాగూ లేదు. చీకట్లో ఆయన గొంతు వినడం, విన్నది అనడం, అంతే.

వేదపాఠంలో గురువు ఒకసారి చెబితే శిష్యులు రెండుసార్లు అనాలి. సంత చెప్పుకోవడం అంటే అదే. మధ్యలో ఆగకూడదు. సందేహం ఉంటే పాఠం అయ్యాక అడగవచ్చు. మా నాన్న రామసముద్రం నుంచి మా అన్ననూ నన్నూ తీసుకొచ్చి ఆయనకు అప్పగించేటప్పుడు నా వైపు చూపించి ఒక మాట అన్నాడు. "వీడికి నోరు జాస్తి. ఎదురు చెప్పినాడంటే పంపించేయండి స్వామీ. నేను ఇంగెవరి దగ్గరా చేర్చను." అందుకని అయ్యవారి ముందు నేను భయంగానే మసిలేవాణ్ణి. నాకు ఆ పాఠం ఇష్టం. అర్థం ఒక్క ముక్క తెలియకపోయినా ఇష్టం.

ఆ రోజు చెబుతున్నది కొత్త పాఠం కాదు. చదువు ముగించి ఇంటికి వెళ్లే శిష్యుడికి గురువు చెప్పే మాటలవి. మాకు అంతకుముందే వచ్చు. సగం దాకా బాగానే సాగింది. తర్వాత అయ్యవారు ఒక వాక్యం విడిచి, దాని తర్వాతిది అందుకున్నారు. మా అన్న, మిగతా ఇద్దరు ఆయన చెప్పినట్టే అనేశారు. నా నాలుక మాత్రం అలవాటు కొద్దీ ఆ విడిచిన వాక్యంలోకి వెళ్లింది. మా అన్న నా తొడ గిల్లాడు. నేను ఆగిపోయాను.

"యాలరా నిలిపితివి?" అన్నారు అయ్యవారు.

"నడాన ఒకటి ఉండాది, అయ్యవారూ."

"నేను చెప్పింది చెప్పాల. అంతే కదా?"

"ఔను."

"మరి?"

మరి ఏమిటో నాకు తెలియలేదు. ఆయన ఇప్పుడు చెప్పినట్టు అంటే, ఆయన ఇదివరకు నేర్పింది తప్పుతుంది. నేర్పినట్టు అంటే, ఇప్పటి మాట తప్పుతుంది. రెండూ ఆయనవే. చీకట్లో ముఖం కనబడలేదు కాబట్టి కోపమో కాదో కూడా తెలియలేదు. ఆయనే, "ఈపొద్దుకు చాలు, పోండి" అన్నారు. పాఠం అలా మధ్యలో ఆగడం మేం ఎప్పుడూ చూడలేదు.

మా బసకు వెళ్లే దారిలో మా అన్న ఊరుకోలేదు. "పరీక్ష పెట్టినాడురా ఆయప్ప. చెప్పింది చెప్తామా లేదా అని. మేం నెగ్గితిమి, నువ్వు పోతివి. ఇంగ రామసముద్రం పోయి ఎనుములు మేపుకో."

"మరిసిపోయినాడేమో" అన్నాను.

"అయ్యవారు మరిసేదేందిరా? సూర్యుడు మరిసిపోయి పడమట పుడతాడా?"

ఆ పగలంతా మా నాన్న మాటే చెవుల్లో ఉంది. సాయంత్రం అన్న నా చేత తప్పు ఒప్పించడానికి మళ్లీ అయ్యవారి ఇంటికి తీసుకెళ్లాడు. అయ్యవారి భార్యను మేం అవ్వ అనేవాళ్లం. ఆమె చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. "రాండి నాయనా. పొద్దున్నుంచి ఉలుకూ పలుకూ లేదు ఆయనకు. కాఫీ ఇచ్చినాక, తాగితినా లేదా అని నన్నే అడుగుతాండారు" అని నవ్వబోయి మానుకుంది.

నేను సాష్టాంగపడబోతే అయ్యవారు చెయ్యి అడ్డం పెట్టారు. "తప్పు చేసినోడు కదా మొక్కాల్సింది. నువ్వేం చేస్తివని?"

ఏడుపు ఆపుకుంటూ అడిగేశాను. "మీరు మరిసిపోయినారా, మమ్మల్ని పరీక్ష చేసినారా?" అన్న నా మోచెయ్యి పట్టి వెనక్కి లాగాడు.

అయ్యవారు అన్నను నా చెయ్యి వదలమన్నారు. "ఆ రెంట్లో యాదైతే నువ్వు రేపు పాఠానికి రావు?"

ఆలోచించాను. "యాదైనా వస్తా."

"అట్లయితే రా."

ఆ తర్వాత ఆయన విడిచిన వాక్యానికి అర్థం చెప్పారు. మా నడతలో మంచిదాన్నే నువ్వు పట్టుకో, తక్కినదాన్ని కాదు అని గురువే శిష్యుడికి చెప్పే మాట అది. "విడవరాని మాటే విడిస్తిని. ఇప్పుడు నువ్వు చెప్పు" అన్నారు. నేను చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, నా వెనక దాన్ని రెండుసార్లు అన్నారు, మేం ఆయన వెనక అనేటట్టే. అవ్వ చేతిలో పని ఆపి ఆయననే చూస్తూ ఉండిపోయింది. సంతోషపడాలో ఏడవాలో తెలియక నేను నేల చూశాను.

మా అన్న తర్వాత కుప్పంలో రైల్వే ఉద్యోగం చేశాడు. నేను మదనపల్లెలో బడిపంతులునయ్యాను. కలిసినప్పుడల్లా ఇదే తగువు. "కావాలనే విడిచినాడు. లేకుంటే అన్నింట్లో ఆ వాక్యమే యాల దొరుకుతుంది?" అనేవాడు. నేను అవ్వ ముఖం గుర్తు చేసేవాణ్ణి. "నువ్వు అవ్వను సూస్తివి, నేను ఆయనను సూస్తిని" అనేవాడు. ఇద్దరం ఒప్పుకున్న సంగతి ఒకటే. ఆయన ముందు కూర్చున్నప్పుడు మా తల వంగడం ఆ రోజు తర్వాత తగ్గలేదు. నా తరగతిలో ఏ పిల్లవాడైనా లేచి నిలబడితే, కూర్చోమని అనబోయి ఆగేవాణ్ణి. ముందు వాడు చెప్పేది వినేవాణ్ణి.

పోయిన నెల మా అన్న పోయాడు. కర్మ జరుగుతుండగా మంత్రం వింటూ కూర్చుంటే, వాడు చెప్పిందే నిజమేమో అనిపించింది. ఆ సంగతి చెబుదామంటే వాడు లేడు. మర్నాటికి మళ్లీ నా మాటే నిజమనిపించింది. ఇంకా తేలలేదు.

ఆ వాక్యం విడిచిన మరుసటి ఉదయం నుంచి, తాను ఉన్నన్నాళ్లూ, అయ్యవారు పాఠం ముగించి లేచే ముందు "నేనేమన్నా విడిస్తినారా?" అని అడిగేవారు. లేదనే అనేవాళ్లం. అప్పుడప్పుడు "ఒకటి ఉండాది" అనేవాళ్లం. ఇప్పుడు వేదపాఠం చెప్పే చోట్లకు నేను వెళ్లి కూర్చుంటూ ఉంటాను. బాగా చెబుతున్నారు. పాఠం ముగిశాక శిష్యుల్ని ఆ మాట ఎవరూ అడగడం లేదు.