సున్నాకి లాభమని ఎలా పెడతాను?

టాటానగర్ గోల్‌మురిలో మా ఇంటి ముందుగదే మా ఆయన ఆఫీసు. ఇనుప కట్టడాల డ్రాయింగులు గీస్తారు. ఏళ్ల తరబడి వేరేవాళ్ల దగ్గర గీసి, ఆ ఎండాకాలం మొదటిసారి సొంతంగా ఒక పని పట్టారు. ఒక షెడ్డులో క్రేను నడిచే గర్డరు ఎంత బరువు మోయగలదో లెక్క తేల్చి ఇవ్వాలి. సాయంత్రం నాలుగింటికి ఆ పని ఇచ్చిన ఠేకేదారు, అదే కాంట్రాక్టరు, వస్తాడు. అప్పటికి లెక్క చేతిలో పెట్టకపోతే పని ఇంకొకరికి పోతుంది. ఇంత పని ఇచ్చిన దేవుడు పూర్తి చేయించడా అనుకుని పొద్దున్నే దీపం పెట్టుకున్నాను.

లెక్క కట్టేది ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటరు. మూసేసిన ఏదో ఆఫీసులోది. లోపల ఒకటి కాదు, రెండు ప్రాసెసర్లు. లెక్క సగంలో ఉండగా వేడెక్కి దానంతటదే ఆగిపోతోంది. ఏ ప్రాసెసరు వేడెక్కుతోందో చూద్దామంటే, తెర మీద రెండింటి వేడీ పడుతుంది గానీ రెండు వరసల్లోనూ అవే పేర్లు. ఒక చిప్పు నంబరు సున్నాతో ముగుస్తుంది, ఇంకోదానిది ఒకటితో. అంతే తేడా.

వాటికి తలో పేరు పెట్టెయ్యమని మా ఆయన నాకు పురమాయించారు. వేడి కొలిచే సెన్సర్ల ఫైలు తెరిచి, ఫలానా చిప్పుకి ఫలానా పేరు అని రాస్తే తెర మీద ఆ పేరే వస్తుంది. ఆ మాత్రం నాకు వచ్చు. నేను బడికి వెళ్లినదాన్ని కాదు. టాటానగర్ రైల్వే క్వార్టర్లో మా నాన్నే చదువు చెప్పారు. అంకెలయితే బియ్యం కొలిచే డబ్బాతో నేర్పారు. కొలిచేటప్పుడు మనవాళ్లు ఒకటి అనరు కదా. మొదటి డబ్బా లాభం, ఆ తర్వాత రెండు, మూడు. కంప్యూటరు మా ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. గురువులిద్దరినీ ఇంట్లోనే ఇచ్చాడని దేవుడికి ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

కాబట్టి మొదటి ప్రాసెసరుకి లాభం, తర్వాతదానికి రెండు, ఇంగ్లీషు అక్షరాల్లో. మరి మొదటిది ఏది? ఒకటితో ముగిసేదే. కంప్యూటరు సున్నా నుంచి లెక్క మొదలుపెడుతుందని తెలియక కాదు. సున్నా పక్కన లాభమని రాయడానికి చెయ్యి రాలేదు. దానికి రెండు అని పెట్టి ఫైలు మూసేశాను.

మళ్లీ లెక్క నడిపితే రెండు అన్నది తొంభై డిగ్రీలు దాటింది. మా ఆయన మూత విప్పి, బోర్డు మీద 1, 2 అని అచ్చువేసి ఉంటే, 2 అని ఉన్న ప్రాసెసరుని చల్లార్చే రేకుల దిమ్మ ఊడదీసి, తుడిచి, వేడి లాగే పేస్టు ఇంట్లో ఉన్న ఒక్క ట్యూబూ దానికే పిండేశారు. నడిపారు. రెండు మళ్లీ తొంభై. ఇక అమ్మినవాణ్ణి హిందీలో దులిపేద్దామని ఫోన్లో నంబరు వెతకడం మొదలుపెట్టారు.

నాకేమీ తోచక పూజగదిలోంచి విసనకర్ర తెచ్చి, ఆ కొత్త పేస్టు పెట్టినదానికి విసురుతూ కూర్చున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి కాసేపు చూశారు.

"దేవుడికైనా ఇంతసేపు ఇసిరేవేటమ్మా?"

"వీడికి జ్వరం ఎక్కువగా ఉందత్తయ్యా," అన్నాను.

విసురుతూ తెర చూస్తే నేను విసిరేది 2కి, దిగుతున్నది లాభం. ఇటు జరిగి 1కి విసిరాను. రెండు దిగింది. మా ఆయనకి చెప్పేముందు విసనకర్ర ఒళ్లో పెట్టుకుని దేవుణ్ణి తలుచుకున్నాను.

ఆయన ఫైలు తెరిచి చూశారు.

"ఏటే ఇది? జీరోకి రెండెట్టేవేటి? జీరో అంటే బోర్డు మీద ఒకటే కదే!"

"సున్నాకి లాభమని ఎలా పెడతానండీ? మీకిది మొదటి పని కదా."

కోప్పడదామని నోరు తెరిచారు గానీ నవ్వొచ్చేసింది. ఆయన ఎదురుగానే రెండు పేర్లూ తారుమారు చేశాను. 1 అని ఉన్న ప్రాసెసరు రేకుల సందుల్లో ఎర్రటి దుమ్ము గుడ్డ నేసినట్టు పట్టి ఉంది. పేస్టు అయిపోయింది, కొనుక్కొచ్చే వ్యవధి లేదు, అందుకని దిమ్మ కదపకుండా పెయింటు బ్రష్షుతో దుమ్ము మాత్రం లాగేశాం. ఈసారి వేడి ఎనభై దగ్గర నిలిచింది, విసురుతున్నంతసేపూ. చెయ్యి ఆపితే ఎక్కుతోంది. నేను విసిరాను, అత్తగారు విసిరారు, తర్వాత మా ఆయన చొక్కా విప్పి కూర్చున్నారు.

ఠేకేదారు వచ్చేసరికి సరిగ్గా అదీ దృశ్యం. అతనిదీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబమే గానీ మాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవాడు. బనీనుతో కంప్యూటరుకి విసురుతున్న మనిషిని చూసి ఇదేమిటని హిందీలోనే అడిగాడు.

"చెయ్యాపితే ఆగిపోతాది. ఒక్క పది నిమిషాలు కూకోండి," అన్నారు మా ఆయన, వెనక్కి తిరక్కుండానే.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తెర చూశాడు, మా ఆయన చెమట చూశాడు.

"ఇలాగియ్యి. నీ చెయ్యి పడిపోతాది," అన్నాడు, తెలుగులో.

లెక్క పూర్తయింది. గర్డరు మోస్తుందని తేలింది. మా ఆయన కాగితాలు అచ్చువేసి, సంతకం చేసి, పిన్ను కొట్టి తెచ్చినా ఠేకేదారు ఇంకా విసురుతూనే ఉన్నాడు. ఇక చాలని అతనితో చెప్పడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.