గుంటక కింద నా కత్తి

నేను చీమకుర్తి వెళ్ళడానికి కారణం ఒక ఇనప స్తంభం. గుంటూరులో మా ఇంటికి దగ్గర్లో ఒక కల్యాణమండపం ఉంది. ముహూర్తాలు లేని ఆదివారాల్లో దాని మేడ మీద ఎనిమిదిమందిమి పాత ఐరోపా పద్ధతి కత్తిసాము నేర్చుకుంటాం. రెండు చేతులతో పట్టుకునే పొడవాటి కత్తి, ముఖానికి జాలీ, ఒంటికి దళసరి కోటు. జూన్ నెలలో గుంటూరులో ఆ కోటు వేసుకోవడమే సగం యుద్ధం. కొత్తగా చేరినవాళ్ళు ఏడాదిపాటు కర్రకత్తితోనే చేయాలి. తర్వాత క్లబ్బుకున్న ఒకే ఒక ఉమ్మడి ఇనప కత్తి వంతులవారీగా చేతికి వస్తుంది. నా వంతు వచ్చిన మొదటి ఆదివారమే నేను దాన్ని బలంకొద్దీ తిప్పి, ఎదుటి మనిషికి బదులు స్తంభాన్ని కొట్టాను. కత్తి రెండు ముక్కలైంది. స్తంభానికి రంగు కూడా ఊడలేదు.

నా వెనక వంతు కోసం ఎదురుచూస్తున్న ముగ్గురూ మళ్ళీ కర్రలు పట్టుకున్నారు. విదేశం నుంచి ఇంకొకటి తెప్పించాలంటే నెలలు పడుతుందని మాకు నేర్పే రవికిరణ్ మాస్టారు చెబుతుంటే, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక "నేనే చేసి తెస్తాను మాస్టారూ" అనేశాను. నా ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించడం. నేను రోజూ వాడే పెద్ద పనిముట్టు అగ్గిపుల్లంత స్క్రూడ్రైవరు. మాస్టారు నవ్వకుండా ఒక్క షరతు పెట్టారు. మొన గోడకు ఆనించి నొక్కితే కత్తి వంగాలి, వదిలితే తిన్నగా రావాలి. వంగి అలాగే ఉండిపోయినా, విరిగినా పనికిరాదు. "పాసైతే కొత్తవాళ్ళ చేతికిస్తాను. లేదంటే ఈ ఏడాదికి అందరికీ కర్రలే" అన్నారు.

దారి చూపించింది మా షాపుకు కళ్ళద్దాల కోసం వచ్చిన ఒక లారీ డ్రైవరు. చీమకుర్తి గ్రానైటు రాళ్ళు మోసి మోసి లారీల కింద బరువు మోసే కమాన్ పట్టీలు విరిగిపోతుంటాయట. ఆ ఉక్కుతోనే కొడవళ్ళూ గొడ్డళ్ళూ చేసే మస్తాన్ అనే కమ్మరి ఉన్నాడని ఫోన్ నంబరు ఇచ్చాడు. మస్తాన్ గారికి ఫోన్ చేసి కొలతలు చెబితే, పట్టీని ముందురోజే చీల్చి ఉంచుతానన్నారు. దాంతో నేనేం చేస్తానని మాత్రం అడగలేదు.

గురువారం పొద్దున అయిదింటికి గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు. మగవాళ్ళయితే రెండు వందలు దగ్గర పెట్టుకోండి. ఎనిమిది కాకముందే ఒంగోలు చేరి, బస్టాండు బయట నలభై రూపాయలకు ఇడ్లీ తిని, పొదిలి వైపు వెళ్ళే బస్సులో చీమకుర్తిలో దిగాను. అక్కడినుంచి మస్తాన్ గారి ఊరికి ఆరు కిలోమీటర్లు. ఆటోకు నూట ఇరవై. ఎదురుగా వచ్చే ప్రతి లారీకీ మన ఆటో మట్టి రోడ్డులోకి దిగుతుంది కాబట్టి నడుం నొప్పి ఉన్నవాళ్ళు ఆలోచించుకోవాలి. ఎందుకు వెళ్తున్నారని ఆటో ఆయన అడిగితే కత్తి చేసుకోవడానికన్నాను. ఆయన అద్దం సర్దుకుని నన్నోసారి చూశాడు.

"ఎవరితోనన్నా గొడవా మేడం?"

"లేదండీ, ఆట."

"పొలం గొడవైతే చీమకుర్తిలో మంచి లాయరున్నాడు. చెప్తున్నా అంతే."

దిగేటప్పుడు ఆ లాయరు ఆఫీసు ఎక్కడో కూడా చెప్పి వెళ్ళాడు.

మస్తాన్ గారి కొలిమి రోడ్డు పక్కనే రేకుల షెడ్డు, వెనకే ఇల్లు. షెడ్డు ముందు రెండు పక్కలా గోడకు కొడవళ్ళు, పారలు, గొడ్డళ్ళు ఆనించి ఉన్నాయి. ఆయనకు అరవై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. ఆయన భార్య హుస్సేన్‌బీ గారు నా భుజం దాకా వస్తారేమో. సమ్మెట ఆవిడదే. ఆయన ఎర్రగా కాలిన పట్టీని పటకారుతో దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో ఎక్కడ కొట్టాలో ఒక దెబ్బ వేసి చూపిస్తే, ఆవిడ సరిగ్గా అక్కడే సమ్మెట దించుతారు. ఈ పనిలో ఇద్దరికీ మాటలతో అవసరం ఉండదు.

కాసేపయ్యాక సమ్మెట నాకిచ్చారు. ఏడాదిగా జిమ్‌కు వెళ్తున్నాను, భుజాలు గట్టిపడ్డాయని మా ఆయనకు రోజూ చూపిస్తున్నాను. నాలుగో దెబ్బకు చుక్కలు కనపడ్డాయి. పైగా మస్తాన్ గారు సుత్తిని పక్కకు వాల్చితే ఆపమని అర్థమట. అది నాకెవరూ చెప్పలేదు. ఆయన వాల్చారు, నేను మళ్ళీ కొట్టాను. పట్టీ పటకారులోంచి ఎగిరి నీళ్ళ తొట్టి పక్కన పడింది. హుస్సేన్‌బీ గారు నా చేతిలోంచి సమ్మెట తీసుకుని, నన్ను కొలిమికి గాలి కొట్టే చక్రం దగ్గర కూర్చోబెట్టారు.

"అంచు రుద్ది గుండ్రంగా చెయ్యమన్నావంట. పదును లేకపోతే దీంతో ఏం కోస్తావమ్మాయ్?" అని అడిగారు.

"ఏమీ కొయ్యనండీ. మనుషుల్ని కొడతాను."

"కొడితే?"

"వాళ్ళకు దెబ్బ తగలకూడదు."

ఆవిడ భర్త వైపు తిరిగి, "విన్నావా, ఇందుకోసం పొద్దున్నే బస్సెక్కి వచ్చింది" అన్నారు.

పన్నెండున్నరకల్లా కత్తికి ఒక ఆకారం వచ్చింది. ఒక చివర సన్నబడి మొన గుండ్రంగా, రెండో చివర పిడి ఎక్కడానికి బద్దలాగా. చివరిసారి ఎర్రగా కాల్చి, వాడేసిన ఇంజన్ ఆయిల్లో ముంచారు. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ముంచిన ఉక్కు గాజులా పెళుసుగా ఉంటుంది, కింద పడితే పగులుతుంది. దాన్ని రాయితో రుద్ది మెరుగు తెచ్చి, బొగ్గుల సెగ మీద నెమ్మదిగా కాచాలి. ముందు పసుపు, తర్వాత గోధుమ, తర్వాత వంకాయ, ఆపైన నీలం రంగు తిరుగుతుంది. నెమలి మెడ నీలం వచ్చిన క్షణాన సెగ మీంచి తీసెయ్యాలి. ముందే తీస్తే విరుగుతుంది, ఆలస్యమైతే వంగి అలాగే ఉండిపోతుంది.

మస్తాన్ గారు కత్తిని సెగ మీద జరుపుతూ, "రంగు తిరిగిందా?" అని భార్యను అడిగారు.

"నన్నడుగుతావేంది. నాకు గేటుకేసిన రంగే తెలవట్లా."

అప్పుడు ఆయన కళ్ళలోకి చూశాను. రెండింట్లోనూ శుక్లం ముదిరి ఉంది. శుక్లం ఉన్నవాళ్ళకు నీలం మాసిపోయినట్టు కనపడుతుంది. మా షాపుకు వచ్చేవాళ్ళకు రోజూ చెప్పే మాటే అది. కంటి డాక్టరుకు చూపించుకోమంటే ఆయన తల ఊపారు. "కొడవలికైతే చేతి అలవాటు మీద లాగేస్తానమ్మా. ఇంత పొడుగున వంగి తిన్నగా లేచేది ఎప్పుడూ చెయ్యలా. నువ్వు చూసి చెప్పు."

పొద్దుటినుంచి నేను చేసిన పనల్లా గాలి కొట్టడం, దారికి అడ్డం రావడం. ఇప్పుడు ఈ కత్తి బతకడం చావడం నా నోటిమాట మీద ఉంది. జానెడు జానెడు చొప్పున ఆయన జరుపుతుంటే నేను రెప్ప వెయ్యకుండా చూశాను. వంకాయ రంగు నీలంలోకి జారేచోట "ఇప్పుడు" అన్నాను. ఆయన జరిపారు. మళ్ళీ "ఇప్పుడు". మొన దగ్గర మాత్రం నాకు అనుమానం వచ్చి ఒక్క క్షణం ఆగి చెప్పాను. ఆ ఒక్క క్షణం గురించి తర్వాత చాలాసేపు ఏడ్చినంత పని అయింది.

చల్లారాక గోడకు ఆనించి వంచి చూద్దామన్నారు మస్తాన్ గారు. ఈలోగా భోజనానికి పిలిచారు. వేడిగా ఉంది కదా, ఎండ తగలకూడదని నేనే కత్తిని పటకారుతో పట్టుకెళ్ళి షెడ్డు ముందు ఎడమపక్క నీడలో గోడకు ఆనించి వెళ్ళాను. దోసకాయ పప్పు, గోంగూర పచ్చడి, మజ్జిగ. డబ్బులిస్తానంటే హుస్సేన్‌బీ గారు చూసిన చూపుకు పర్సు లోపల పెట్టేశాను. తిని బయటికి వస్తే కత్తి లేదు.

పై ప్రాణాలు పైనే పోయాయి. మస్తాన్ గారు మాత్రం ఎడమగోడనూ కుడిగోడనూ చూసి, "నువ్వు ఇటు పెట్టావా?" అన్నారు. అప్పుడు చెప్పారు. కుడిపక్కన ఉన్నవి పని కావలసినవి. ఎడమపక్కన ఉన్నవి పని అయిపోయినవి. ఎవరిది వాళ్ళు వచ్చి, ఎవరినీ అడగకుండా తీసుకుపోతారు. ఆయన నాన్నగారి రోజులనుంచీ అంతేనట. ఒక్క వస్తువు మారింది లేదట.

"ఇందాక తినేటప్పుడు కోటయ్య బండి చప్పుడు వినపడిందే" అన్నారు హుస్సేన్‌బీ గారు.

కుడిగోడ దగ్గర, కోటయ్య అనే రైతు తెచ్చిన పట్టీ ఇంకా అలాగే ఉంది. ఎద్దులు లాగే గుంటక కింద అడ్డంగా బిగించి మట్టి గీకే ఇనప బద్ద చేయమని ఇచ్చాడట. పొడవు మూడడుగులు. నా కత్తీ మూడడుగులే.

మస్తాన్ గారి మోపెడ్ వెనక కూర్చుని రెండు కిలోమీటర్లు పోయాం. దూరం నుంచే కనపడింది. రెండు ఎద్దులు, వెనక గుంటక, దాని మీద నిలబడి కోటయ్య. పత్తిగింజ వేసే ముందు దుక్కిలో గడ్డి కోసి చదును చేస్తున్నాడు. గుంటక కింద, రెండు చివర్లా చీలల మధ్య బిగించుకుని, మట్టిలో నా కత్తి.

"ఒరేయ్ కోటయ్యా, అది నీది కాదురా" అని గట్టు మీంచి అరిచారు మస్తాన్ గారు.

"ఎడంపక్కుంది గందా."

"ఒక చివర సన్నంగా లేదంటరా?"

"కొత్త మోడలనుకున్నా. ఎంత బాగా పోతందో చూడు మస్తానూ. నాకు ఇదే కావాల."

నేను గట్టు దిగి, అది కత్తి అని, విరిగితే ముగ్గురు మనుషులు ఏడాదంతా కర్రలు తిప్పుకోవాలని, ఆదివారంలోగా తీసుకెళ్ళాలని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. కోటయ్య ఎద్దుల్ని ఆపి మర్యాదగా విన్నాడు. తర్వాత పడమటి మబ్బును చూపించాడు.

"రేపు వాన పడతదమ్మా. ఇది ఊడదీసి పాతది బిగించేసరికి పొద్దుపోద్ది. నాకు మిగిలింది అరెకరం. నువ్వెక్కు."

"ఎక్కడ?"

"గుంటక మీద. నా బరువు చాలట్లా. ఇద్దరం నిలబడితే లోతుగా దిగుద్ది, గంటన్నరలో తెములుద్ది. నీ కత్తి నీకిచ్చేస్తా."

మస్తాన్ గారు గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నారు. అలా నేను నా కత్తి మీద నేనే బరువుగా నిలబడి, కోటయ్య వెనక మేడి కర్ర పట్టుకుని, అరెకరం గుంటక తోలాను. మొదటి రెండు సాళ్ళు బాగానే పోయాయి. మూడోదానిలో కింద నుంచి గర్రుమని చప్పుడొచ్చింది. దుక్కిలో రాయి. ఎద్దులు ఆగలేదు. గుంటక ముందుకు తూలింది, కాళ్ళ కింద కత్తి వంగడం అరికాళ్ళకు తెలిసింది, టంగుమని ఒక శబ్దం, నేను బోర్లా మట్టిలో పడ్డాను. పడుతూ కూడా ఒకటే అనుకున్నాను. మొన దగ్గర ఆగిన ఆ ఒక్క క్షణం.

మస్తాన్ గారు పరుగెత్తుకొచ్చారు. నా దగ్గరికి కాదు. గుంటక పైకెత్తి, మట్టి తుడిచి, ఈ చివర నుంచి ఆ చివరకు వేలు పోనిచ్చారు. కన్ను ఆనించి చూడబోయి, ఆగి, నన్ను పిలిచారు.

"నా కళ్ళ మీద నాకు నమ్మకం లేదు. నువ్వు చూడు."

నోట్లో మట్టి ఉమ్మి, మోకాళ్ళ మీద కూర్చుని, మొన వైపు నుంచి కన్ను పెట్టి చూశాను. నూలు పట్టినట్టు తిన్నగా ఉంది. ఎందుకో ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. కోటయ్య కంగారుపడి, "విరగలా కదమ్మా, ఎందుకేడుస్తావు" అంటూ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. మిగతా సాళ్ళు తోలేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకోమని మూడుసార్లు చెప్పాడు.

పనికి మస్తాన్ గారు పన్నెండు వందలు తీసుకున్నారు. అయిదున్నరకు చీమకుర్తిలో బస్సెక్కితే కండక్టరు నా గోనెసంచీ తడిమి ఏమిటని అడిగాడు. గుంటక బద్ద అన్నాను. అబద్ధం కూడా కాదు. నా బట్టల మీది మట్టి చూసి ఆయన ఇంకేమీ అడగలేదు. మీరు ఇలాంటి పని మీద వెళ్ళేటట్టయితే ఒక్క సలహా. ఉక్కు చల్లారేదాకా దాని పక్కనుంచి లేవకండి. పప్పు ఎక్కడికీ పోదు.

శనివారం మాస్టారు విరిగిన కత్తి పిడినే దీనికి బిగించారు. ఆదివారం అందరి ముందూ మొన గోడకు ఆనించి నొక్కారు. అది విల్లులా వంగింది, వదిలితే తిన్నగా వచ్చింది. కత్తి నిండా గీతలేమిటని అడిగితే, ఇది ముందే ఒకచోట పనిచేసి వచ్చిందని చెప్పాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నెల రోజులుగా ఆ మేడ మీద నేను నవ్వలేదని అప్పుడు తెలిసింది. తర్వాతి వంతు సుగుణ గారిది, రిటైరైన సైన్సు టీచరు. ఆవిడ కత్తిని రెండు చేతులా పట్టుకుని, స్తంభానికి వీలైనంత దూరంగా, గోడ మూలకు పోయి నిలబడ్డారు. తిప్పడం లేదు. "ఇది కూడా విరిగితే ఎట్లాగమ్మా?" అని మెల్లగా నన్నడిగారు. ఆ భయం ఎలాంటిదో ఆ గదిలో నాకే బాగా తెలుసు. వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డాను.

"గట్టిగా తిప్పండి మేడం. విరిగితే ఇద్దరం వెళ్ళి ఇంకోటి చేసుకొద్దాం. శుక్రవారం మస్తాన్ గారు నమాజుకెళ్తారు, మిగతా ఏ రోజైనా కొలిమి ఉంటుంది."